మూసిన వాకిలి ముందు పాట

కిందటి నెలలో పులివెందుల నుంచి నా పాత శిష్యుడొకడు నన్ను చూడటానికి వచ్చాడు. ఇప్పుడు అతనూ రిటైరైన ఉపాధ్యాయుడే. ప్రొద్దుటూరులో భజన చేసేవాళ్లంతా కలిసి నాకు సన్మానం తలపెట్టారని, ఆ రోజున ఒక చిన్న సంచిక పంచుతారని, అందులోకి మా నాయన మొక్కు గురించి రాసివ్వాలని అడిగాడు. "మీరు బళ్లో చెప్తాంటిరి గద సార్, మీ నాయనకు జబ్బు చేస్తే మీరు తంబూర ఎత్తుకోని ఒక్క వాకిలి కూడా తప్పకుండా మొక్కు తీర్చిన సంగతి. మేమంతా ఏడుస్తాంటిమి. అదే రాయండి, చాలు," అన్నాడు. రాస్తానని చెప్పి, కాఫీ ఇప్పించి పంపాను. ఆ కథను నేను యాభై ఏళ్లకు పైగా చెబుతున్నాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి కళ్లజోడు తుడుచుకోవాలో నాకు బాగా తెలుసు. వినేవాళ్లు ఏ మాట దగ్గర కొంగు కళ్లకు అద్దుకుంటారో కూడా తెలుసు. అందులో ఒక్క మాట తప్ప మిగిలినవన్నీ జరిగినవే. అతను వాకిలి దాటి వెళ్లగానే ఆ ఒక్క మాట వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఈసారి లేవనంటోంది.

అప్పట్లో మేము జమ్మలమడుగులో, పెన్నకు పోయే దారిలో ఉండేవాళ్లం. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన రోజులు. నాయన ఎలిమెంటరీ బళ్లో అయ్యవారు. ఇంటి ముందు నాపరాళ్ల అరుగు, లోపల పొడవాటి నడవ, వెనక దొడ్డి. దొడ్డిలో గోడవారగా పత్తికట్టె మోపులు నిలబెట్టి ఉండేవి. ధనుర్మాసం వచ్చిందంటే ఆ మోపులు ఒక్కొక్కటే కరిగిపోయేవి. ఇంకా తెల్లవారకముందే అమ్మ లేచి రాగి కాగు కింద పత్తికట్టె ఎగదోసేది. అది చిటచిటమని మండుతుంటే వచ్చే పొగ కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా ఉంటుంది. ఈ వయసులోనూ ఎక్కడైనా ఆ వాసన తగిలితే ముందు చలి గుర్తుకొస్తుంది, తర్వాత నాయన. ఆయన స్నానం చేసి, దండెం మీద ఆరేసిన మడిపంచె కట్టుకుని, నుదుట నామం దిద్దుకుని, గోడకు వేలాడే గుడ్డసంచిలోంచి తంబూర తీసేవాడు. బిరడాలు తిప్పి శ్రుతి చేసేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. అమ్మ కూడా పొయ్యిలో కట్టె విరవకుండా ఆగేది. తర్వాత రాగిచెంబును పైపంచెలో కట్టి భుజానికి తగిలించుకుని, పాడుకుంటూ మెట్లు దిగేవాడు. ఆయన యాయవారానికి వెళ్లేది మాకు తిండి లేక కాదు. అది మొక్కు. మా వీధి, గుడివీధి, గొల్లవీధి, చివరికి అంగళ్లవీధి - ఈ నాలుగు వీధుల్లో ధనుర్మాసం నెల్నాళ్లూ ప్రతి వాకిటా పాడాలి. పోసిన బియ్యంతో అమ్మ పెసరపప్పు, మిరియాలు వేసి పులగం వండాలి. వచ్చినవాళ్లందరికీ మోదుగాకుల్లో పెట్టాలి. ఇలా పన్నెండేళ్లు.

ఆ మొక్కు ఎందుకు మొక్కుకున్నాడో మాకెవరికీ తెలియదు. నాకు చిన్నతనంలో ఒకసారి జ్వరం ముదిరి, మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్నానట. అప్పుడు మొక్కుకుని ఉంటాడని అమ్మ ఊహ. నేనొకసారి నేరుగా అడిగాను. నాయన నవ్వి, "అది ఆయనకూ నాకూ మధ్య మాట రా. మీకు చెప్తే మీ మాటైపోతుంది," అన్నాడు. అన్నింటిలోనూ అంతే. బడికి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు పుస్తకంలో నాయన గురించి ఏదో మంచిమాట రాశాడట. హెడ్మాస్టరు చదివి వినిపించబోతే నాయన మంచినీళ్లు తాగి వస్తానని బయటికి వెళ్లి, బడి గంట కొట్టేదాకా లోపలికి రాలేదట. యాయవారంలోనూ తల ఎత్తేవాడు కాదు. బియ్యం పోసే చెయ్యి చూడాలే గాని ముఖం చూడకూడదనేవాడు. ముఖం చూస్తే పాట దాని కోసం వంగుతుందట.

ఇంకొక పద్ధతి ఉండేది. అది ఊళ్లో కొందరికి నవ్వులాటగా కూడా ఉండేది. వాకిలి తెరిచి ఉన్న ఇంటి ముందు ఒక్క చరణం పాడి కదిలేవాడు. వాకిలి మూసి ఉంటే మాత్రం అక్కడే నిలబడి పాట మొత్తం పాడేవాడు. లోపల మనుషులున్నా సరే, లేకున్నా సరే. ఎందుకలాగని అడిగితే, "తెరిచినచోట ఇనేటోళ్లు బాగుందంటారు. ఆ పాటకు అందాల్సింది ఆడికాడికే అందిపాయ. మూసినచోట పాడింది యాడా ఆగదు. పూర్తిగా ఆయన కాడికి పోతాది," అన్నాడు. నాకప్పుడు పదిహేను పదహారేళ్లు. ఆ మాట అర్థమైందనే అనుకున్నాను. అర్థమైన మాటను మనిషి ఎంత సులువుగా తొక్కుకుంటూ పోగలడో తర్వాత తెలిసింది.

పాట నాకు ఆయన దగ్గరే వచ్చింది. గొంతు మాత్రం ఆయన కంటే నాదే బాగుండేది. ఇది గొప్పకు రాయడం లేదు, ఊరంతా అన్న మాటే. ఆ మాట అననిది ఆయనొక్కడే. నేను పాడుతుంటే తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని వినేవాడు. తాళం తప్పితే వేలు ఎత్తేవాడు. తప్పకపోతే ఏమీ అనేవాడు కాదు. ఒక్కసారి బాగుందంటే ఈయన సొమ్మేం పోతుందని లోపల్లోపల ఉడికిపోయేవాణ్ణి. ఆయన నోటినుంచి రాని మాట కోసం ఊళ్లో ఎవరి నోటివైపు చూసినా తప్పులేదని నాకు నేనే చెప్పుకున్నానేమో.

పన్నెండో ఏడు వచ్చింది. నేను స్కూలు ఫైనలు ముగించి, ట్రైనింగు కూడా పూర్తి చేసుకుని, ఉద్యోగం ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ధనుర్మాసం మొదలైన తొమ్మిదో రోజున నాయన దగ్గుతో, జ్వరంతో మంచం పట్టాడు. డాక్టరు వచ్చి చూసి, రొమ్ములో నెమ్ము చేరిందని, నెల దాటేదాకా చలిలోకి అడుగు పెట్టకూడదని చెప్పి వెళ్లాడు. నాయన గోడవైపు తిరిగి చాలాసేపు పడుకున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నేను పాడినా నువ్వు పాడినా ఒకటే. రక్తం ఒకటే గాబట్టి మొక్కు చెల్లుతుంది. కానీ ఒక్క వాకిలి కూడా తప్పకూడదు. తప్పితే మొక్కు తెగినట్టే. నీకు శాతగాదనుకుంటే ఇప్పుడే చెప్పు, ఈడికి ఆపేస్తా. ఆపేది తప్పుగాదు. ఆయన జూస్తాండాడు, నాకు జబ్బని ఆయనకు తెలుసు. తెగిన దాన్ని తెగలేదని ఆయన ముందర పెట్టడమే తప్పు."

"శాతనైతుంది నాయనా," అన్నాను.

"మూసిన వాకిళ్ల కాడ?"

"మొత్తం పాడతా."

మొదటి వారం మాట నిలబెట్టుకున్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా తంబూర దించలేదు. గొల్లవీధి అన్నింటికంటే కష్టంగా ఉండేది. గొర్రెల మందలు కట్టే దొడ్లు, కంపచెట్ల దడులు, దడుల మీద ఆరేసిన గొంగళ్లు. ఆ వీధిలో సగానికి పైగా ఇళ్లు మూసే ఉండేవి. మందలు తోలుకుని మేత ఉన్నచోటికి వెళ్లిపోయేవాళ్లు. పదకొండు గుమ్మాలలో ఏడెనిమిది చోట్ల, ఎదురుగా ఒట్టి చెక్కతలుపు పెట్టుకుని, పాట మొదటి నుంచి చివరిదాకా పాడాలి. కుక్క మొరిగేది. మంచులో నా గొంతు నాకే వెర్రిగా వినిపించేది. అక్కడి నుంచి అంగళ్లవీధిలోకి మలుపు తిరిగితే మాత్రం లోకమే వేరు. బట్టల అంగడి సుబ్బరాయశెట్టి అరుగు మీద అప్పటికే నలుగురు చేరి ఉండేవాళ్లు. శెట్టి లావుపాటి మనిషి, నవ్వితే అరుగు కదిలేది. 

"ఏమప్పా చిన్నయ్యోరూ, మీ నాయన పాడితే దేవునికి మాత్రమే బాగుంటాండె. నువ్వు పాడితే మాగ్గూడా బాగుండాది!" అన్నాడు ఒకరోజు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాటలో నా జబ్బు మొత్తం ఉంది. నాకు మాత్రం పొగడ్త ఒక్కటే వినపడింది.

మరునాడు శెట్టి ఇంకొక మాట చెప్పాడు. "రేపు ఏడు గంటలకంతా ఈడికి వచ్చెయ్. మా బావ ప్రొద్దుటూరు నుంచి వస్తాండాడు. ఆడ భజనలన్నీ ఆయన చేతిమీదనే నడిచేది. గొంతు గరగర లేకుండా చూసుకో. ఆ గొల్లోళ్ల గొర్రెలకు పాడి పాడి అరగదీసుకోని రావాకు."

ఏడు గంటలకు చేరాలంటే ఏదో ఒక వీధి వదలక తప్పదు. గుడివీధి వదిలితే అమ్మలక్కలు అడుగుతారు. మా వీధి వదిలితే నాయనకే వినపడదు. ఆ తెల్లవారి గుడివీధి చివర నిలబడి, గొల్లవీధి మొగను ఒకసారి చూశాను. మూసిన తలుపులు. అక్కడెవరున్నారు? ఈ ఒక్కరోజుకు దేవుడు ఏమనుకుంటాడు? రేపు రెండుసార్లు పాడితే పోలా? ఇలా నాలో నేనే ప్రశ్న వేసుకుని, నేనే జవాబు చెప్పుకుని, మలుపు దాటేశాను. అరుగు దగ్గర చాప పరిచి ఉంది. శెట్టిగారి బావ కళ్లు మూసుకుని విన్నాడు. చివర్లో తన భుజాన ఉన్న శాలువ తీసి నా మీద కప్పాడు. "ఈ గొంతు ఈడుండాల్సింది గాదప్పా. పండగ పోనీ, ప్రొద్దుటూరికి పిలిపిస్తా," అన్నాడు. శాలువ వెచ్చగా ఉంది. తల ఎత్తి ఒక్కొక్కరి ముఖం చూశాను. పాట వంగుతుందని నాయన అన్నది నిజమే. ఆ రోజు నుంచి నా పాట ఎటు వంగమంటే అటు వంగింది.

రెండుసార్లు పాడతానన్న రేపు రాలేదు. శెట్టిగారి బావ ఊళ్లోనే ఉండిపోయాడు, జనం రోజురోజుకూ పెరిగారు. గొల్లవీధిని నేను పూర్తిగా వదిలేశాను. ఇంటికి రాగానే నాయన కళ్లు మూసుకునే అడిగేవాడు: "గొల్లవీధి అయిందా?" మొదటి రోజు చెంబు దించుతున్నట్టు అటు తిరిగి "అయింది నాయనా" అన్నాను. నాలుగో రోజుకు ఆయన అడగకముందే నేనే చెప్పాను. 

నేను వదిలేసిన సంగతి తెలిసినవాడు ఒక్కడే అనుకున్నాను, నా స్నేహితుడు ఖాదర్. వాళ్ల నాయనది ఆ మలుపులోనే బట్టలు కుట్టే మిషను అంగడి. ఒకరోజు దారం కొన నోటితో తడిపి, సూదిలోకి ఎక్కిస్తూ అన్నాడు: "ఏం సామీ, గొల్లవీధి ఎగరగొడతాండావే?"

"ఆడ మనుషులెవరుండారురా? అన్నీ మూసిన తలుపులే."

"అట్లనా? నేను నమాజుకాడ పక్కనోడు చూస్తాండాడని ఇంకోసారి వంగితే మా జేజవ్వ ఈపు పగలగొట్టింది. మీకట్ల కొట్టేటోళ్లు లేరు, బతికిపోయినావు పో."

నవ్వి వచ్చేశాను. వాడు ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. వాడి మీద నెపం పెట్టడానికి అదీ ఒక దారే.

నెల ముగియడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, మధ్యాహ్నంపూట దొడ్డితలుపు దగ్గర ఎల్లమ్మ వచ్చి నిలబడింది. గొల్లవీధిలో ఉండే ముసలామె. నాయన దగ్గుకు మేకపాలు మంచివని ఎవరో చెబితే, అమ్మ కబురు పెట్టిందట. చెంబు తీసుకోవడానికి నేను వెళ్లాను. 

"ఈ పాలు తాగితే పెద్దయ్యోరి దగ్గు పోతాదో లేదో గాని, మేకమాదిరి దుంకుతాడు చూడు," అని బోసినోటితో నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఏం చిన్నయ్యోరూ, మామీద ఏమన్నా కోపమా? మా వీధికి రాకుండావే?" అంది.

నాయన మంచం గోడకు అవతలే ఉంది. "నీ ఇల్లెప్పుడూ మూసే ఉంటాది గదవ్వా," అన్నాను.

"మూసుకోక? నేను ముండమోసినదాన్ని. తెల్లారకనే అయ్యోరికి ఎదురొస్తే మీ మొక్కుకు తగల్దా? అందుకే తలుపేసుకోని, దాని ఎనకాలే కూకుంటా. పదకొండేండ్లు అట్లే ఇన్నా. పెద్దయ్యోరికి తెల్సు. ఎదురొస్తే నాకేం కాదులే, తలుపు తియ్యమని ఆయప్ప అన్నాడు గాని, నాకే మనసొప్పలా. ఆయప్ప మాత్రం నాకోసమని పాటంతా పాడతాడు. ఏడాదికంతా నాకు అదే తిరుపతి నాయనా."

అప్పటిదాకా మూసిన తలుపుల వెనక ఎవరూ లేరనుకున్నాను. అక్కడ దేవుడున్నాడని కూడా అనుకోలేదన్న సంగతి ఆమె చెప్పాక కూడా నాకు తట్టలేదు. నాకు తోచింది ఒక్కటే, ఈమె గొంతు కొంచెం పెంచితే నాయనకు వినపడుతుందని. 

"నేను రోజూ వస్తాండా గదవ్వా. నీ వాకిట్లోనే నిలబడి మొత్తం పాడి పోతాండా," అన్నాను.

ఆమె నావైపు చూసింది. "ఈ దినం గూడానా?"

"ఈ దినం గూడా."

"నాకు ఇనపళ్లేదే!"

"వయసు మీద పడింది గదా. చెవులు తగ్గింటాయి."

ఆమె కుడిచెయ్యి ఎత్తి చెవి తడుముకుంది. కమ్మల్లేని చెవి, సాగిపోయిన పెద్ద తూటు. "అట్లనా... తంబూర గూడా ఇనపళ్లేదు. మూడిండ్ల అవతలుండంగానే ఇనపడేది," అని తనలో తాను అనుకుంది. అప్పుడే అమ్మ లోపలి నుంచి వచ్చి, మెల్లగా "ఏం ఎల్లమ్మా, ఆడనే నిలబడితివే?" అంది. ఆమె "ఏం లేదమ్మా" అంది వెంటనే. అంత మెల్లగా అన్న మాట కూడా ఆమెకు వినపడిందని నేను గమనించాను. ఆమె గమనించలేదు. పాలచెంబు ఖాళీ చేయించుకుని, తల వంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు తప్పకుండా ఆమె వాకిట్లో పాడాలనుకున్నాను. ఇది నిజం. కానీ మర్నాడు శెట్టిగారి అరుగు మీదికి ప్రొద్దుటూరు నుంచి హార్మోనియం వచ్చింది. ఆ మర్నాడు వెళ్లాను. ఎల్లమ్మ తలుపుకు తాళం వేసి ఉంది. పక్కింటామె పేడ ఎత్తుతూ, "ఎల్లవ్వా? కొడుకు ఓబులేసుతో గొర్రెల ఎంబడి లింగాల పక్కకు పోయింది నాయనా. ఈడ మేత యాడుండాది? మళ్లా ఎప్పుడొస్తారో," అంది. తాళం ముందు నిలబడ్డాను. నాయన చెప్పిన ప్రకారమైతే అదే అసలైన చోటు, వినేవాళ్లు ఒక్కరూ లేరు. నోరు తెరిచాను. పక్కింటామె గంప దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని వినడానికి సిద్ధంగా నిలబడింది. పాట రాలేదు. తంబూర తీగ సవరిస్తున్నట్టు నటించి వచ్చేశాను.

చివరి రోజున నాయన లేచి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మెట్లెక్కి వచ్చి చెంబు దించగానే దగ్గరికి రమ్మన్నాడు. "ఒక్కటి గూడా తప్పలేదు గదా?" అని అడిగాడు.

"తప్పలేదు నాయనా."

ఆయన రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. తండ్రి కొడుక్కు పెట్టకూడదని అమ్మ అడ్డం వచ్చినా వినలేదు. "నేనొక తప్పు చేసినా రా. నీకు జనం బాగుందంటే సాలని, దేవుడితో నీకు పనిలేదని నేను లోపల అనుకుంటా ఉంటి. తంబూర నీ చేతికిచ్చేటప్పుడు గూడా భయపడినా. తప్పుగా అనుకున్నా. నన్ను మన్నించు," అన్నాడు.

పుట్టినప్పటి నుంచి ఎదురుచూసిన మెప్పు అలా వచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే మొక్కు తెగేది, అంతే. ఆపేది తప్పుగాదని ఆయనే అన్నాడు. మళ్లీ ఏడు ఆరోగ్యం కుదుటపడితే మొదటి నుంచి మొదలుపెట్టేవాడేమో. నేను ఆయన కాళ్లకు మొక్కి, ఆ మన్నింపును కూడా తీసుకున్నాను. ఆ వేసవిలో ఆయన పోయాడు. పోయేముందు ప్రశాంతంగా ఉన్నాడని అందరూ అంటారు. ఏ ధైర్యంతో అంత ప్రశాంతంగా ఉన్నాడో నాకొక్కడికే తెలుసు. తెగిన దాన్ని తెగలేదని ఆయన చేత దేవుడి ముందు పెట్టించాను.

తర్వాత ప్రొద్దుటూరు, ఆ తర్వాత పులివెందులలో ఉద్యోగం, ఊరూరా భజనలు, సప్తాహాలు. మైకులు వచ్చాయి. మొదట్లో ఒక ఊరికి ఒకటి, తర్వాత ప్రతి గుడికీ ఒకటి. ఇప్పుడు ధనుర్మాసంలో యాయవారం ఎవరూ రారు. గుడిమీది మైకు ఊరందరికీ ఒకేసారి పాడేస్తుంది. ఈ కాలం పాడైపోయిందని నా ఈడువాళ్లు అంటుంటే నేనూ తల ఊపుతుంటాను. కానీ ఆ రోజుల్లో వీధులు అలాగే ఉన్నాయి, తలుపులు అలాగే ఉన్నాయి, పాట కూడా ఉంది. మైకు లేకుండానే నేను దాన్ని పాడుచేశాను. కాలం మీద వేయడానికి నా దగ్గర నేరం ఏమీ మిగల్లేదు. ఒంటరిగా కూర్చుని దేవుడి ముందు పాడదామని ఎన్నోసార్లు ప్రయత్నించాను. రెండో చరణం వచ్చేసరికి పక్కగదిలో ఎవరైనా వింటున్నారేమోనని చెవి అటే పోతుంది. ఎవరూ లేరని తెలిస్తే గొంతు సన్నబడుతుంది. నా కోసమూ రాదు, ఆయన కోసమూ రాదు.

పులివెందులలో చేరిన ఏడెనిమిదేళ్లకు, శ్రీరామనవమికి లింగాల నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి రాజధాని హైదరాబాదుకు మారి చాలాకాలమైంది. బస్సు దిగగానే నాకంటే కొంచెం పెద్దవాడు, తలపాగా చుట్టుకున్నవాడు, ఎదురొచ్చి చేతి సంచి అందుకున్నాడు. "మీరు జమ్మలమడుగు పెద్దయ్యోరి కొడుకంట గదా? నేను గొల్లవీధి ఎల్లమ్మ కొడుకును సామీ, ఓబులేసును," అన్నాడు. గొర్రెలు తగ్గించుకుని అక్కడే భూమి కొని సేద్యంలో దిగాడట. ఇంటికి తీసుకుపోయి, శెనక్కాయలు ఆరబోసిన వాకిట్లో మంచం వాల్చి, చల్లటి మజ్జిగ తెచ్చాడు. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"పోయి మూడేండ్లాయె సామీ. ఒళ్లంతా బాగుండె గానీ, చెవులు ఇనపడవని పట్టు పట్టింది. మాకు నవ్వొస్తాండె. గొర్రెపిల్ల దగ్గితే లేసి కూకుంటాండె. కోడలు యాడో మూలన గొణిగితే ఈడ నుంచి మారు జెప్తాండె. పాట మాత్రం ఇనపడదంటాండె. భజనకు పిలిస్తే రాదు. ఏమ్మా, డప్పుల మోత గూడా ఇనపడదా అంటే, అది ఇనపడుతుంది రా, దేవుని పాట నాకు ఇనపడకుండా ఆ దేవుడే చేసినాడు అంటాండె. అయ్యోరు నా వాకిట నిలబడి పాడితే గూడా ఇనపడలేదంటే నేను ఏం పాపం చేసినానో అని అడుగుతాండె. మాకేం తెలుసు సామీ? మాయమ్మ చీమక్కూడా అన్యాయం చేసిండదు."

మజ్జిగ లోటా నా చేతిలోనే ఉంది. ఆమె చేసిన పాపమేమిటో తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. ఒక మాట చెబితే ఆమెకిప్పుడు ఒరిగేదేమీ లేకపోయినా, ఆమె కొడుక్కు ఏ పాపమూ చెయ్యని తల్లి తిరిగి వచ్చేది. చెప్పాలనే నోరు తెరిచాను. అంతలో పందిట్లోంచి పిల్లలు పరుగెత్తుకొచ్చి, పానకాలు అయిపోయాయని, అందరూ కాచుకుని ఉన్నారని తొందరపెట్టారు. భజన కాగానే చెబుదామనుకుని లేచాను.

ఆ మధ్యాహ్నం నేను పాడినట్టు మళ్లీ ఎప్పుడూ పాడలేదు. దుఃఖం గొంతులోకి దిగితే పాట ఎంత బాగుంటుందో అప్పుడే తెలిసింది. తెలిసినకొద్దీ ఇంకా దింపాను. పందిట్లో దగ్గే మనిషి కూడా లేడు. ముందు వరసలో ఓబులేసు తలపాగా తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. పాట ముగియగానే లేచి, అందరూ వినేలా, "మాయమ్మ ఈ పొద్దు ఉండాల్సింది సామీ. ఈ గొంతైతే ఆయమ్మకు గూడా ఇనపడుండేది," అన్నాడు. నిజమేనని అందరూ తలలూపారు. నేను వినయంగా తల వంచి చేతులు జోడించాను. ఇంకొకటి పాడమన్నారు. పాడాను.